నియమాలు ముందే చెబితే తప్పేమిటి?

సంపాదకులకు,

బిజినెస్ స్టడీస్ టీచర్లు ఏడాది మొదట్లోనే తల్లిదండ్రులకు తరగతి నియమాలు రాసి పంపడం వట్టి తతంగమని మీ వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల్లో ఈ సబ్జెక్టుకు రాత పరీక్ష 80 మార్కులు, ప్రాజెక్టు 20. పరీక్ష తేదీలు ఎలాగూ ప్రకటిస్తారు. ప్రాజెక్టు అంశం ఎప్పటికి ఎంచుకోవాలి, చిత్తుప్రతి ఎప్పుడు చూపాలి, ఆలస్యమైతే ఏమవుతుంది అన్నవి మాత్రం టీచర్ చెబితేనే తెలుస్తాయి. ఇంట్లో ఆ సంగతి తెలియకపోతే ప్రాజెక్టు ఆఖరి వారంలో జిరాక్స్ షాపులో తయారవుతుంది. 75 శాతం హాజరు నిబంధనా అంతే. తగ్గిపోయాక పిలిపించి చెబితే తల్లిదండ్రులు చేయగలిగేది చాలా తక్కువ.

పదహారేళ్ల పిల్లలకు ఇంకా కాపలా ఏమిటన్న అభ్యంతరంలో బలముంది. ప్రతి మార్కునూ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ పెట్టడాన్ని నేనూ సమర్థించను, అది పిల్లల పరువు తీయడమే. అయితే హాజరు, ప్రగతి గురించి టీచర్లు తల్లిదండ్రులకు తెలపాలని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం పద్నాలుగేళ్ల వరకే వర్తిస్తుంది, నిజమే. వయసు దాటగానే ఆ అవసరం తీరిపోతుందా? వినియోగదారుడికి సమాచారం పొందే హక్కుందని పన్నెండో తరగతిలో బోధించే సబ్జెక్టు ఇది! ఇక ఇంగ్లిష్ రాని తల్లిదండ్రుల మాటకొస్తే, ఒక్క పేజీ తెలుగులో రాసి పంపడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.

– ఒక పాఠకుడు