కాలువ గట్టుకు రండి

బెజవాడ యువతీ యువకులారా, ఈ మాటలు మీకే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర మళ్లిన కృష్ణ నీళ్లు ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా మన ఊరి నడుమ నుంచే డెల్టాకు వెళ్తాయి. మనం విసిరిన క్యారీ బ్యాగులు, టీ కప్పులు, గుట్కా ప్యాకెట్లు ఆ నీళ్లతోపాటే వెళ్తాయి. దిగువన ఎన్నో పల్లెలు ఆ నీళ్లతోనే మంచినీళ్ల చెరువు నింపుకుంటాయి. ఎండకు పెళుసెక్కి, 5 మిల్లీమీటర్ల లోపు నలుసులుగా చితికిపోయాక ఆ ప్లాస్టిక్‌ను ఏరి పారేయడం ఎవరి తరమూ కాదు. 2022లో నెదర్లాండ్స్ పరిశోధకులు 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనబడింది.

ఈ సంగతి మన వీధిలో ఎంతమందికి తెలుసు? పరిశోధన పత్రాలు జనం దాకా రావు. కళ దారిలో తీసుకురావలసింది మీరు. 2019లో సింగపూర్‌లో కళాకారులు వాడి పారేసిన 18 వేల ప్లాస్టిక్ కప్పులు సేకరించి, మనుషులు లోపలికి వెళ్లి నిలబడేలా ఒక గుహ కట్టారు.

మనకూ ఈ దారి కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో జన విజ్ఞాన వేదిక కళాజాతాలు ఆటపాటలతో అక్షరాన్ని వాకిట్లోకి తెచ్చాయి. అప్పటి రాత్రి బడుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆటకూ పాటకూ అంత సత్తువ ఉంది!

వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు గట్టు దిగి అడుగు బురద తీయండి. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి కాసేపు కదపకుండా ఉంచితే మట్టి దిగుతుంది, పాలిథిన్ ముక్కలు పైకి తేలతాయి. వడగట్టి, ఆరబెట్టి, మైక్రోస్కోపు కింద చూడండి. నీలం పోగులు, చిరిగిన కవరు అంచులు, రంగు వెలిసిన పెచ్చులు కనిపిస్తాయి. వాటి ఆకారాలను తోలుబొమ్మల్లా కత్తిరించి, తెల్లటి తెరల వెనక దీపాలు పెట్టి, మనిషంత నీడలుగా నిలబెట్టండి. ఆ తెరల మధ్య సన్నని దారిలో జనాన్ని నడిపించండి. తాను తాగే నీళ్లు వచ్చే కాలువలో ఏముందో పల్లెటూరి అమ్మమ్మ కూడా తలెత్తి చూడాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: సైన్సు చెప్పిన దానికి ఒక్క అక్షరం ఎక్కువ చెప్పకండి. నూలుపోగు కూడా మైక్రోస్కోపు కింద ప్లాస్టిక్ పోగులాగే కనబడుతుంది. అందుకే ల్యాబులో పరారుణ కిరణాల పరీక్ష చేయించాకే బొమ్మ గీయండి. రక్తంలో ప్లాస్టిక్ ఉందని తేలింది, దానివల్ల మనిషికి ఎంత కీడో ఇంకా పూర్తిగా తేలలేదు. ఆ మాట కూడా తెర మీద రాయండి. భయపెట్టి గెలిచిన నమ్మకం నిలవదు. ఏ కాలువ, ఏ తేదీ, ఎంత బురద అన్నది ప్రవేశద్వారం దగ్గరే ఉండాలి.

నాగార్జున, కృష్ణా యూనివర్సిటీల్లో సైన్సు చదివేవాళ్లు, ఆర్కిటెక్చర్ విద్యార్థులు, పెడన కలంకారీ ఇళ్ల పిల్లలు, కూచిపూడి నేర్చినవాళ్లు ఒకచోట కూర్చోండి. 2028లో కృష్ణా పుష్కరాలు. లక్షల మంది మన ఘాట్లకు వస్తారు. వాళ్లు స్నానానికి దిగే ముందు మీ తెరల మధ్య నుంచి నడిచి రావాలి. ఈ వేసవికే పని మొదలుపెట్టండి.