గిటార్ బాడీ చెక్కండి.. అండూ బటన్ లేని చదువు చదవండి!

గిటార్ వాయించాలనే సరదా మీ ఈడు వాళ్లలో చాలామందికి ఉంటుంది. గిటార్ తయారుచేద్దామనే ఆలోచన ఏ ఒక్కరికో వస్తుంది. వచ్చినా 'ఇంజినీరింగ్ చదివి చెక్కపనేంట్రా?' అనే మాట ఇంట్లో సిద్ధంగా ఉంటుంది. అయినా సరే, ఈ సెలవుల్లో ఒక ఎలక్ట్రిక్ గిటార్ బాడీ సొంతంగా చేసి చూడమనే నేనంటాను. నాలుగేళ్ల డిగ్రీలో దొరకని పాఠం ఒకటి అక్కడ దొరుకుతుంది. కంప్యూటర్‌లో గీత తప్పయితే చెరిపేస్తాం. కోసేసిన చెక్కను మళ్లీ అతికించలేం. వెనక్కి తీసుకోలేని నిర్ణయాన్ని సొంత బాధ్యతతో తీసుకోవడం ఏ సెమిస్టర్‌లో నేర్పుతున్నారు, చెప్పండి?

ఎలక్ట్రిక్ గిటారే ఎందుకు?

కొత్తవాళ్ల చేతికి లొంగే వాయిద్యం కాబట్టి. మన బొబ్బిలి వీణనే చూడండి. పనస దుంగను లోపలంతా తొలిచి, గోడలు సమానంగా పల్చబడేలా చెక్కాలి. గొల్లపల్లి కళాకారులకు అది తరాలుగా వచ్చిన విద్య. అకూస్టిక్ గిటార్‌కైతే సుమారు 3 మిల్లీమీటర్ల పలక కావాలి, పక్క చెక్కల్ని వేడిచేసి వంచాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ బాధ లేదు. తీగల కింద ఉండే పికప్‌లోని అయస్కాంతం, తీగచుట్ట కలిసి కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మారుస్తాయి. కాబట్టి బాడీ గట్టి పలక అయినా చాలు.

ఈ సంగతి పట్టుకున్నవాడే లియో ఫెండర్. చదివింది అకౌంటింగ్, నడిపింది రేడియో రిపేరు షాపు, గిటార్ వాయించడం రాదు. ఆయన కంపెనీ నుంచి 1950ల మొదట్లో వచ్చిన టెలీకాస్టర్ ఒక చదునైన చెక్క పలక. మెడను దానికి నాలుగు స్క్రూలతో బిగించారు. మీరూ అదే దారి పట్టండి. ఫ్రెట్లు కొట్టాల్సిన మెడను రెడీమేడ్‌గా కొనుక్కోండి. బాడీ ఒక్కటీ మీరు చేయండి.

తప్పు దాగని చోటు

సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎండిన చెక్క సరిపోతుంది. అంత వెడల్పున్నది దొరక్కపోతే రెండు పలకల అంచులు చిత్రిక పట్టి, జిగురుతో అతికించి, క్లాంపులు బిగిస్తే సరి. తర్వాత మధ్యగీత గీయండి. ఆ గీత ఎక్కడా చెరిగిపోకూడదు. మిగతా కొలతలన్నీ దాన్నుంచే.

అసలు పరీక్ష మెడ కూర్చునే గుంత దగ్గర. కొన్న మెడ మడమను కొలిచి, బిగుతుగా పట్టేలా దాన్ని తొలవాలి. అది ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినా 45 సెంటీమీటర్ల అవతల, మెడ చివర తేడా దాదాపు 8 మిల్లీమీటర్లు! తీగ ఫ్రెట్‌బోర్డు అంచు దాటి జారిపోతుంది. బ్రిడ్జి కూడా అంతే. ఫెండర్ తరహా మెడకు నట్ నుంచి 12వ ఫ్రెట్ వరకు 324 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి తీగ ఆనే శాడిల్‌కూ మళ్లీ సుమారు అంతే ఉండాలి. శాడిల్ సర్దుబాటుకు అందనంత తేడా వస్తే గిటార్ ఎన్నటికీ శ్రుతిలో పలకదు. గ్రేస్ మార్కులు వేసేవాళ్లు ఎవరూ ఉండరు.

అందుకే ముందు ఎండీఎఫ్ షీటుతో నమూనా పలక చేసుకోండి. తప్పులన్నీ దాని మీదే చేయండి, పోయేది తక్కువ. రంపంతో గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు బయటే కోసి, మిగిలింది రౌటర్‌తో తీయండి. రౌటరంటే ఇక్కడ వైఫై పెట్టె కాదు, నిమిషానికి సుమారు 20 వేల చుట్లు తిరిగే మిషన్. ఒక్క దెబ్బకు లోతంతా తొలిచేయాలని చూడొద్దు. మూడేసి మిల్లీమీటర్ల చొప్పున దిగండి. చేత్తో పట్టి నడిపేటప్పుడు బయటి అంచుకు గడియారం ముల్లుకు ఎదురు దిశలో, లోపలి గుంతకు ముల్లు తిరిగే దిశలో నడపాలి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. వేలాడే దుస్తులు వద్దు. తెలిసినవాళ్లు పక్కన లేకుండా స్విచ్ వేయొద్దు.

కలప చర్చలు తర్వాత

మహాగని మంచిదా, ఆల్డర్ మంచిదా అని నెలల తరబడి వీడియోలు చూసి అక్కడే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. మొదటి గిటార్‌కు ఆ చర్చ అనవసరం. లండన్‌లో 1963లో ఓ హైస్కూలు కుర్రాడు తండ్రితో కలిసి గిటార్ మొదలుపెట్టాడు. మెడకు పాత నిప్పుగూడు చెక్క. దాన్లోని పురుగు రంధ్రాల్ని అగ్గిపుల్లలతో పూడ్చాడు. బాడీలో పాత బల్ల చెక్క. దాదాపు రెండేళ్లు పట్టింది. అతడే క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే. ఆ 'రెడ్ స్పెషల్'తోనే ప్రపంచమంతా వాయించాడు. తర్వాత ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ కూడా చేశాడు. చెక్కపని చదువుకు అడ్డం రాలేదు కదా! మీరు అడితిలో అడగాల్సింది రెండే: బాగా ఎండిందా, వంకర లేకుండా ఉందా?

గురువు మీ వీధిలోనే..

'కాలేజీలో సీఎన్‌సీ ఉంది, గంటలో కోసిస్తుంది' అంటారా? రెండో గిటార్‌కు అలాగే కానివ్వండి. మొదటిది చేత్తో చేయాలి. కలప పీచుకు ఎదురుగా బిట్ వెళ్తే అంచు ఎలా పెచ్చులూడుతుందో చేతికి తెలిసినవాళ్లే రేపు మిషన్‌కు సరైన ప్రోగ్రాం రాయగలరు. నేర్పేవాళ్ల కోసం దూరం వెళ్లక్కర్లేదు. మీ వీధిలో తలుపులు చేసే మేస్త్రి దగ్గర వారం రోజులు కూర్చోండి. మూలమట్టం పట్టడం, ఉలి నూరడం, చెక్క ఎటు చీలుతుందో చూపుతో చెప్పడం ఆయనకు తెలిసినంతగా మన పుస్తకాలకు తెలియదు. ఆయన సమయానికి డబ్బివ్వండి, గౌరవమూ ఇవ్వండి. చేతిపనిని చదువు కంటే తక్కువగా చూసే మన అలవాటు పోవాలంటే ఇంతకంటే మంచి మందు లేదు.

గిటార్లు చేసి బతికేయొచ్చని చెప్పను, ఆ ఉద్యోగాలు తక్కువే. కానీ ప్రొడక్ట్ డిజైన్, ఫర్నిచర్, సీఎన్‌సీ రంగాల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే పునాది. ఎన్‌ఐడీ ప్రవేశ పరీక్ష రెండో దశలో చేత్తో చేసి చూపించే స్టూడియో టెస్ట్ ఉంటుంది. ఆ దారిలో వెళ్లకపోయినా రోజూ ఒక ఫొటో తీయండి. ఎక్కడ తప్పింది, ఎలా సరిదిద్దారు అన్నది ఒక్కో వాక్యం రాసుకోండి. ఇంటర్వ్యూలో 'మీరు ఎదుర్కొన్న సమస్య చెప్పండి' అన్నప్పుడు కంఠస్థం చేసిన జవాబు అక్కర్లేదు.

ఆరంభశూరత్వం వద్దు. ఈ ఆదివారం ఎండీఎఫ్ షీటు, స్కేలు, పెన్సిల్ తెచ్చుకోండి. ముందు మధ్యగీత గీయండి.