మన పేరు పట్టే గడి ఎవరు చేయాలి?



ఈసారి కొంచెం కంప్యూటర్ మాట. పెద్దలు "ఇది పిల్లల సంగతిలే" అని దాటేయకుండా చివరిదాకా చదవాలని మనవి. చివరికి ఇది మన పేర్ల సంగతే.

బెంగళూరులో స్థిరపడ్డ మన ఇళ్లల్లో ఐటీ ఉద్యోగం చేసే పిల్లలు లేని ఇల్లు తక్కువ. వాళ్లలో కొందరు శని, ఆదివారాల్లో ఇంకో పని చేస్తుంటారు. వెబ్‌సైట్లలో, ఫోన్ యాప్‌లలో మనం నొక్కే బటన్, పేరు రాసే గడి, తేదీ ఎంచుకునే క్యాలెండర్, రెండక్షరాలు కొట్టగానే ఊళ్ల పేర్లు చూపించే జాబితా ఉంటాయి చూడండి, వీటిని కాంపోనెంట్లు అంటారు. వడ్రంగి తలుపులు, కిటికీలు చేసిపెడితే ఇల్లు కట్టేవాళ్లు తెచ్చి బిగించుకున్నట్టు, ఒకరు చేసిన కాంపోనెంట్‌ను ఎంతోమంది తమ సైట్లలో బిగించుకుంటారు. ఈ పిల్లలు తాము చేసినదాన్ని ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా వాడుకునేలా, విప్పి చూసుకునేలా, మార్చుకునేలా ఊరికే ఇచ్చేస్తారు. డెవలపర్ల కాన్ఫరెన్సుల్లో నిలబడి ఎలా చేశారో చెప్పి వస్తారు.

"జీతం రాదు, పేరు రాదు, ఆదివారం నిద్ర కూడా లేదు. ఎవరి కోసం ఈ పని?" అని ఇళ్లల్లో అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఒక్కటే. తెలుగు రాష్ట్రాల బయట బతికే మనకు ఇంతకంటే అవసరమైన భాషాసేవ ఇప్పుడు తక్కువ. ఎందుకో చెబుతాం.

"శ్రీ" తీసుకోండి. మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ లెక్కలో అది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. చాలా యాప్‌లలో ఫోటో పెట్టని సభ్యుడికి గుండ్రటి బిళ్లలో పేరులోని మొదటి అక్షరం వేస్తారు. మొదటి ముక్కను మాత్రమే తీసుకునేలా రాసిన కాంపోనెంట్‌లో శ్రీనివాస్ వట్టి "శ" అవుతాడు, కృష్ణవేణి వట్టి "క" అవుతుంది. ఇంగ్లీషులో ఎస్ అంటే ఎస్సే కాబట్టి, రాసినవాళ్లకు ఆ తప్పు కనపడే అవకాశమే లేదు.

"సుబ్రహ్మణ్యం" మన కంటికి నాలుగక్షరాలు, లెక్కలో 12 ముక్కలు. స్థలం చాలదని 10 దగ్గర కోసే కాంపోనెంట్ దొరికిందంటే ఆయన "సుబ్రహ్మణ్" అయి పొల్లుతో వేలాడతాడు. ఇంగ్లీషుకు సరిపోయేంత ఎత్తు మాత్రమే ఇచ్చిన వరుసలో "రాష్ట్ర", "స్త్రీ" వంటి మాటల కింది వత్తులు తెగిపోతాయి. బోర్డు రాసే పెయింటర్ ఇలా రాస్తే ఊరుకుంటామా? తెర మీద మాత్రం ఊరుకుంటున్నాం.

పేరు గడి సంగతి ఇంకా విచిత్రం. "ఇందులో అక్షరాలే ఉండాలి" అని నియమం పెడతారు. ఏ నుంచి జెడ్ దాకా అని రాస్తే తెలుగుకు తలుపు మూసినట్టే. కాస్త తెలిసినవాళ్లు "ఏ భాష అక్షరమైనా సరే" అని రాస్తారు. అదీ చాలదు. యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు, పొల్లు "అక్షరాలు" అనే వర్గంలో లేవు, "గుర్తులు" అనే వేరే వర్గంలో ఉన్నాయి. ఆ రెండో వర్గాన్నీ అనుమతిస్తేనే "లక్ష్మి" లోపలికి పోతుంది. లేకపోతే ఎర్ర అక్షరాల్లో "దయచేసి సరైన పేరు రాయండి" అని వస్తుంది. డెబ్బై ఏళ్లు ఆ పేరుతో బతికిన మనిషికి అది సరైన పేరు కాదని చెబుతోంది ఒక గడి!

ఇది పేదవాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్‌కే పరిమితమనుకోకండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షర కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు కూలిపోయాయి. అక్షరాలను తెర మీద గీసే భాగంలో లోపం. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ప్రపంచమంతా నాలుగు రోజులు నవ్వుకుంది. అప్పుడు జోకులు పంచుకున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మాకు మాత్రం అందులో ఒక పాఠం కనపడింది. ఫోను కూలితే వార్త అవుతుంది కాబట్టి వెంటనే బాగుచేస్తారు. వత్తు తెగితే వార్త కాదు. ఆ భాష చదవగలిగినవాళ్లు ఎవరో ఒకరు పట్టుకుని, ఎక్కడ తెగుతోందో చూపించి, మరమ్మతు చేసి ఇస్తే తప్ప అది అలాగే ఉంటుంది.

"పెద్ద కంపెనీలు ఎప్పుడో చూసుకుంటాయిలే" అనేవాళ్లకు ఇప్పటిదాకా జరిగింది చూడమంటాం. వికీపీడియాలో తెలుగు టైపు చేయడానికి, భాష ఎంచుకోవడానికి కనిపించే పరికరాలు ఓపెన్ సోర్స్ కాంపోనెంట్లే. జేక్వెరీ ఐఎంఈ, జేక్వెరీ యూఎల్ఎస్ అనే ఆ రెండింటినీ ఎవరైనా తమ సైటులో పెట్టుకోవచ్చు. వాటి మీద పనిచేసినవాళ్లలో ముఖ్యుడు సంతోష్ తోట్టింగల్ మలయాళీ. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అనే సముదాయంలోనూ ఆయన పనిచేశాడు. సొంత భాష కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్ల చేతి పని ఈరోజు తెలుగువాళ్లకూ పనికొస్తోంది. లినక్స్‌లో తెలుగుకు "కగప" అనే కీబోర్డు అమరిక ఉంది. కగప అంటే కన్నడ గణక పరిషత్తు. మన కన్నడ సోదరులు వేసిన దారి అది. వాళ్లు తమ పని తమలోనే దాచుకుని ఉంటే మనకు అందేదా?

ఇక్కడే మన పిల్లలకు ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న డెవలపర్‌కు రాని ఆలోచన మనకు వస్తుంది, ఎందుకంటే మన ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు కానీ చాలామంది పిల్లలు చదివేది కన్నడ లిపి. తాత పేరు తెలుగులో రాస్తే మనవరాలు చదవలేదు. మనవరాలు కన్నడలో రాస్తే ఊరి నుంచి వచ్చిన మేనత్త చదవలేదు.

యూనికోడ్‌లో తెలుగు "క" సంఖ్య 3093. కన్నడ "క" సంఖ్య 3221. తేడా 128. "గ"కు కూడా అదే తేడా, "మ"కూ అదే, గుడికీ కొమ్ముకీ అదే. మన దేశపు లిపులను ఒకే వరుసలో అమర్చిన పాత ప్రమాణాన్ని యూనికోడ్ అనుసరించడం వల్ల వచ్చిన వరం ఇది. కొన్ని అక్షరాలకు విడిగా నియమాలు రాసుకుంటే చాలు, ఒక్క బటన్ నొక్కగానే పేరు తెలుగు నుంచి కన్నడకు, కన్నడ నుంచి తెలుగుకు మారే కాంపోనెంట్ చేయొచ్చు. సభ్యుల పట్టికకు, పెళ్లి పిలుపుకు, గుడి చందా రసీదుకు అదే వాడుకోవచ్చు. బరంపురంలోని మనవాళ్లకు ఒడియాతో, షోలాపూర్‌లోని మనవాళ్లకు దేవనాగరితో ఇదే పద్ధతి కొన్ని సర్దుబాట్లతో పనిచేస్తుంది. తమిళనాడులో కష్టం ఎక్కువ. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. "గీత"ను తమిళంలోకి మార్చి మళ్లీ వెనక్కి తెస్తే "కీత" కూడా కావచ్చు. కాబట్టి అక్కడ అసలు పేరును పక్కన దాచిపెట్టుకునేలా కాంపోనెంట్ రాయాలి. హోసూరులోనో కోయంబత్తూరులోనో ఉన్న మన పిల్లలకు తప్ప ఈ చిక్కు ఎవరికి తడుతుంది?

ఇప్పుడు కాన్ఫరెన్సుల మాట. మన ఊరు దీనికి కొత్త కాదు. 2001లో లినక్స్ బెంగళూరు పేరుతో మొదలైన సభ తర్వాత ఫాస్ డాట్ ఇన్ అయింది. 2009లో మొదటి పైకాన్ ఇండియా ఇక్కడే జరిగింది. ఇటీవలి ఏళ్లలో ఇండియాఫాస్ ఇక్కడే జరుగుతోంది. బస్సెక్కి పోగలిగే దూరంలో ఉన్న వేదికలివి.

"గిట్‌హబ్‌లో పెట్టేస్తే చాలదా, వేదికెందుకు?" అని అడగొచ్చు. పెట్టినది కనపడాలి కదా! మన సంఘం సైటులో "శ్రీ" బాగుపడితే ఒక్క సైటు బాగుపడినట్టు. పెద్ద లైబ్రరీలు నడిపేవాళ్లు కూర్చున్న హాలులో, పెద్ద తెర మీద "శ్రీ" విరిగిపోవడం చూపిస్తే, ఆ లైబ్రరీలు వాడే సైట్లన్నీ బాగుపడే దారి తెరుచుకుంటుంది. పైగా అదే హాలులో బెంగాలీ, మలయాళీ, ఒడియా పిల్లలుంటారు. "మా దగ్గరా ఇంతే" అని లేస్తారు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో వత్తక్షరాన్ని మధ్యలో విడదీయకూడదనే నియమం చేరింది. అప్పుడు అది వర్తించిన ఆరు లిపుల్లో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం ఉన్నాయి. 2024లో ఫైర్‌ఫాక్స్ కూడా చేరడంతో, అక్షరాలను సరిగా విడదీసే Intl.Segmenter అనే సదుపాయం ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉంది. అంటే పనిముట్టు వచ్చేసింది. దాన్ని కాంపోనెంట్లలో వాడమని చెప్పేవాళ్లు కావాలి.

పిల్లలకూ రెండు మాటలు చెప్పాలి, ఏమీ అనుకోకండి.

మొదటిది, ప్రతిదీ కొత్తగా చేయొద్దు. తేదీ ఎంచుకునే క్యాలెండర్ చూడ్డానికి చిన్నదే. మౌస్ లేకుండా కీబోర్డుతో నడవాలి, చూపు లేనివాళ్ల స్క్రీన్ రీడర్‌కు అర్థం కావాలి, ఫోనులోనూ పనిచేయాలి. ఇవన్నీ ఏళ్లుగా దిద్దుకున్న లైబ్రరీ ఉండగా, తెలుగు నెలల పేర్ల కోసం మొత్తం కొత్తది రాయడం తెలివైన పని కాదు. ఉన్నదానికే మరమ్మతు పంపండి. ఎక్కడా లేనిదాన్ని, రెండు లిపుల పేరు గడి లాంటిదాన్ని మాత్రం సొంతంగా చేయండి.

రెండోది, చప్పట్లతో పని అయిపోదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల చిన్న ముక్కను దాని రచయిత వెనక్కి తీసుకుంటే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో పెద్ద ప్రాజెక్టులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఊరికే ఇచ్చినది కూడా బాధ్యతే. చెరువు తవ్వించినవాడికి పేరొస్తుంది, ఏటా పూడిక తీసేవాడి వల్ల నీళ్లుంటాయి. ఒక్కరే మోయకుండా కనీసం ఇద్దరికి తాళంచెవి ఇవ్వండి. ఆఫీసు ఒప్పందం చదివి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని మొదలుపెట్టండి.

ఇక సంఘం చేయాల్సింది. డబ్బు ఖర్చు తక్కువ, మనసు ఖర్చు ఎక్కువ.

డెవలపర్లకు పరీక్షించడానికి పేర్లు కావాలి. జ్ఞానేశ్వరి, విఘ్నేశ్వరయ్య, కృష్ణమూర్తి, సుబ్రహ్మణ్యం లాంటి కష్టమైన పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ల పేర్లు ఒక పట్టికగా రాసివ్వడం పెద్దలు చేయగలరు. ఎవరి వివరాలూ బయటపెట్టక్కర్లేదు, పేర్ల నమూనాలు చాలు. నెలకో ఆదివారం గ్రంథాలయం గది ఇద్దాం. పిల్లలు చేసినది పెద్దలు తమ ఫోనుల్లో వాడి చూసి, వత్తు ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపించాలి. ఆ పరీక్షను మించినది ఏ ల్యాబులోనూ దొరకదు.

ఉగాదికి శాలువా కప్పేటప్పుడు డాక్టరు, వ్యాపారి, నాయకుడి పక్కన, ఒక కాంపోనెంట్‌ను రెండేళ్లు వదలకుండా నడిపిన పిల్లనో పిల్లాడినో కూడా నిలబెడదాం. వేదికెక్కినందుకు కాకుండా, దిగాక పని ఆపనందుకు ఆ శాలువా.

చివరిగా, కమిటీలో తేలని ఒక మాట. "మన పిల్లలు చేశారు కాబట్టి మన సంఘం గుర్తు దాని మీద ఉండాలి" అని కొందరు పట్టుబడుతున్నారు. ఆ అభిమానం మాకు అర్థమవుతుంది, కానీ ఒప్పుకోలేం. మన గుర్తు ఉన్న గడిని పక్క వీధి కన్నడ బడి తమ సైటులో పెట్టుకుంటుందా? గుర్తు లేకపోతే పెట్టుకుంటుంది. అప్పుడు ఆ బడిలో చదివే మన పాప పేరు రెండు లిపుల్లోనూ వత్తు తెగకుండా కనిపిస్తుంది. చేసినవాళ్ల పేర్లు లైసెన్స్ కాగితంలో ఎలాగూ ఉంటాయి. అది చాలు.

గుర్తు ఉండాలనేవాళ్లు, వద్దనేవాళ్లు అందరూ వచ్చే సమావేశానికి రండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో అన్నింటికంటే కష్టమైన పేరు ఒకటి కాగితం మీద రాసి తీసుకురండి.