వారంటీ అయిపోయిందా? ఇంజిన్ దించే ముందు ఒక్క నిమిషం

లారీ దారిలో ఆగిపోతే ఇంజిన్ చల్లబడుతుంది, ఓనర్‌కి మాత్రం చెమటలు పడతాయి. వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీ సర్వీస్‌కి ఫోన్ కొట్టి, గట్టిగా నాలుగు మాటలు అనొచ్చు. వారంటీ దాటిందా, అవతలి గొంతు మారిపోతుంది. "ఎస్టిమేట్ వాట్సాప్ చేస్తాం సార్" అని పెట్టేస్తారు.

వంద బండ్లున్న ట్రాన్స్‌పోర్టు కంపెనీకి ఇది మామూలు ఖర్చు. ఒకే లారీ మీద బతికే ఇంటికి అలా కాదు. ఈఎంఐ నెలకు 60 వేలు అనుకుందాం. అంటే బండి కదిలినా కదలకపోయినా రోజుకు 2 వేలు. షెడ్డులో 15 రోజులు పడుంటే 30 వేలు గాల్లో కలిసినట్టే. పోయిన కిరాయిలు, డ్రైవర్ బత్తా, రిపేరు బిల్లు వేరే లెక్క. అందుకే బండి ఆగిన రోజు ఇంట్లో అందరికీ ఒకటే తొందర: "ఎంతైనా సరే, త్వరగా చేయించెయ్."

వారంటీ అయిపోయాక ఎక్కువ డబ్బు తినేది ఆ తొందరే. నాన్నో, బాబాయో, బావో లారీ నడుపుతుంటే, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ బాగా వాడేది మీరే అయితే, ఈ వారం కాలమ్ మీకోసమే.

ముందు లాగ్ చూడాలి

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మొదట ఎర్రర్ లాగ్ తెరుస్తాం. "పదండి, సర్వర్ విప్పేద్దాం" అని ఎవరూ అనరు. ఇప్పటి లారీ కూడా అంతే. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 నిబంధనలు వచ్చాక, కొత్త లారీల్లో సెన్సర్లు బాగా పెరిగాయి. ఏ సెన్సర్‌కి ఏది తేడాగా కనిపించినా ఇంజిన్ కంప్యూటర్ కోడ్ రాసిపెడుతుంది.

భారీ వాహనాల్లో ఈ కోడ్‌కి సాధారణంగా రెండు భాగాలుంటాయి: ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ. మొదటిది ఏ భాగంలో తేడా ఉందో చెబుతుంది, రెండోది ఎలాంటి తేడానో. ఉదాహరణకు ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజిన్ ఆయిల్ ప్రెషర్. దాని పక్కన ఎఫ్‌ఎంఐ 1 ఉంటే, ప్రెషర్ ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం. వెంటనే ఇంజిన్ ఆపాలి. అదే ఎస్‌పీఎన్ 100 పక్కన ఎఫ్‌ఎంఐ 3 గానీ 4 గానీ ఉంటే, సెన్సర్ దగ్గర వోల్టేజీ తేడా. అంటే వైరింగో, కనెక్టరో, సెన్సరో అయ్యుండొచ్చు. డాష్‌బోర్డు మీద లైటు రెండుసార్లూ వెలుగుతుంది. ఒకదానికి లక్షల పని పడొచ్చు, ఇంకోదానికి ఒక వైరు సరిచేస్తే చాలొచ్చు. అలాగని "సెన్సరే కదా" అని బండి తోలేయకూడదు. మామూలు గేజ్ బిగించి అసలు ప్రెషర్ చూశాకే నిర్ణయం.

మా బాబాయ్ లారీ ఒకసారి లోడుతో ఎత్తు ఎక్కనని మొరాయించింది. పికప్ పూర్తిగా పోయింది. మొదటి షెడ్డులో మేస్త్రి యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కించి, "ఇంజిన్ దించాల్సిందే, మూడు లక్షలు" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో పిన్ని గాజుల తూకం దాకా వెళ్లింది మాట. మర్నాడు ఇంకో షెడ్డులో స్కానర్ పెడితే డీఈఎఫ్ నాణ్యత బాగాలేదని కోడ్ వచ్చింది. డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే ద్రవం అదే. ట్యాంకు కడిగించి, నాజిల్‌కి పట్టిన తెల్లటి పెచ్చులు తీయించి, సరైన ద్రవం పోయించాక బండి మళ్లీ ఎత్తు ఎక్కింది. మూడు లక్షల్లో ఇరవయ్యో వంతు కూడా ఖర్చు కాలేదు.

ఇక్కడ జరిగింది ఏమిటంటే, డీఈఎఫ్‌లో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఆ పాళ్లు తప్పితే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు సరిగా తగ్గవు. అది కనిపెట్టిన కంప్యూటర్, హెచ్చరించాక ఇంజిన్ పవర్‌ని కావాలనే తగ్గిస్తుంది. చూసేవాళ్లకి మాత్రం ఇంజిన్ పోయినట్టే ఉంటుంది. కొందరు పొలానికి వేసే యూరియాని బోరు నీళ్లలో కలిపి పోస్తుంటారు. దానికి వేప నూనె పూత ఉంటుంది, బోరు నీళ్లలో లవణాలుంటాయి. అవన్నీ పోయి నాజిల్‌లో, క్యాటలిస్ట్‌లో పేరుకుంటాయి. పైగా రైతు సబ్సిడీ యూరియాని ఇలా వాడటం నేరం కూడా.

పొగ చెప్పే మాట

స్కానర్ అన్నీ చెప్పదు. పిస్టన్ రింగులు అరిగితే ఒక్కోసారి ఏ కోడూ రాదు. అప్పుడు పాత మేస్త్రుల కళ్లే దిక్కు. నల్ల పొగ వస్తే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ: ఎయిర్ ఫిల్టర్, టర్బో, ఇంజెక్టర్లు చూడాలి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా కూలెంట్ లోపలికి వెళ్తోంది. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకి మారితే అందులో నీళ్లు చేరినట్టే. హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్ అనుమానించాలి.

వీటి తర్వాత కంప్రెషన్ టెస్ట్, ఇంజెక్టర్ల రిటర్న్ టెస్ట్ చేయించాలి. ఏ సిలిండర్ బలహీనంగా ఉందో అంకెల్లో తెలుస్తుంది. ఇవేవీ చేయకుండా ఇంజిన్ దించాలంటే, "ఏ పరీక్షలో తేలింది అన్నా?" అని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రి విసుక్కోడు, చూపిస్తాడు.

కాగితమే బలం

వారంటీ అంటే సాధారణంగా ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 4 ఏళ్లు లేదా 3 లక్షల కిలోమీటర్లు అని ఉందనుకోండి. నెలకు 8 వేల కిలోమీటర్లు తిరిగే బండికి 38 నెలలకే అది అయిపోతుంది. ఇంట్లో మాత్రం "ఇంకా నాలుగేళ్లు కాలేదుగా" అనుకుంటుంటారు. ఆ గడువుకి నెల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టి, పూర్తి చెకప్ చేయించండి. చిన్న శబ్దమైనా, చిన్న లీకైనా జాబ్ కార్డులో రాయించండి. రేపు అదే లోపం ముదిరితే, వారంటీలో ఉండగానే చెప్పామనడానికి ఆ కార్డే సాక్ష్యం.

గడువు దాటాక కూడా అడగటంలో తప్పులేదు. సర్వీసులన్నీ సమయానికి చేయించిన రికార్డు ఉంటే, కొన్ని కంపెనీలు గుడ్‌విల్ కింద విడిభాగాల ఖర్చులో కొంత భరిస్తాయి. అది హక్కు కాదు, కాబట్టి పోట్లాడితే రాదు. సర్వీస్ బిల్లులు, కోడ్ ఫొటో జతచేసి కంపెనీకి మెయిల్ పెడితే వచ్చే అవకాశం ఉంది. ఇంతకుముందు మార్చిన భాగాలకి విడిగా వారంటీ ఉందేమో కూడా పాత బిల్లుల్లో చూడండి. మామూలు వాహన బీమా మాత్రం అరుగుదలకి, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కి డబ్బివ్వదు.

తయారీ లోపమే అనిపిస్తే? "లారీ వ్యాపారానిది, వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడం కుదరదు" అని చాలామంది ముందే వదిలేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం స్వయం ఉపాధి కోసం, పొట్టకూటి కోసం కొని వాడుకునేవాళ్లు వినియోగదారులే. సొంతంగా లారీ నడుపుకునేవాళ్లకి ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో వివరించింది. సాయానికి ఒకరిద్దరు ఉన్నా ఫర్వాలేదు. చెల్లించిన ధర 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అందుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మొదటి సలహాకి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఒక్క జాగ్రత్త. తయారీ లోపమని నిరూపించాల్సిన బాధ్యత సాధారణంగా మనదే. నిపుణుడు చూడకముందే ఇంజిన్ విప్పేస్తే "మీరే పాడుచేశారు" అనే వాదనకి మనమే దారిచ్చినట్టు. కేసు ఆలోచన ఉంటే విప్పే ముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

విప్పక తప్పకపోతే

పరీక్షలన్నీ అయ్యాక ఇంజిన్ పనే అని తేలితే, ఇంకెవరి మాటా వినక్కర్లేదు, చేయించాల్సిందే. అప్పుడు ఎస్టిమేట్‌ని ముక్కలుగా అడగండి: విడిభాగాలు ఎంత, బోరు-క్రాంక్ లేత్ పని ఎంత, కూలి ఎంత. పాత భాగాలు వెనక్కి తీసుకోండి. చేసిన పనికి ఎన్ని నెలలు లేదా ఎన్ని కిలోమీటర్ల గ్యారంటీయో బిల్లు మీదే రాయించండి. నోటిమాట గ్యారంటీ షెడ్డు గేటు దాటదు. ఖర్చు మరీ ఎక్కువైతే, మిగిలిన ఈఎంఐలు, రిపేరయ్యాక బండికి వచ్చే ధర పక్కపక్కన రాసుకుని, ఉంచుకోవాలా అమ్మాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చండి. షెడ్డులో నిలబడి మాత్రం తేల్చొద్దు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బండి క్యాబిన్‌లో, బీరువాలో ఉన్న బిల్లులు, జాబ్ కార్డులు అన్నీ ఫొటోలు తీసి, తేదీలవారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టండి. గంట పని. అర్ధరాత్రి ఏ టోల్ గేట్ దగ్గరి నుంచో నాన్న ఫోన్ చేసి "బండి ఆగిపోయిందిరా" అంటే, ఇంట్లో కూర్చునే ఆయనకి సాయం చేయగలుగుతారు.