నివాస ప్రాంతాలలో తేనెటీగల పెంపకం: నిబంధనలలో నీటికే తొలి స్థానం

అనంతపురం వంటి కరవు పీఠభూమిలో పొద్దుతిరుగుడు, పుచ్చ, కర్బూజ పంటలకు తేనెటీగల వల్ల కలిగే మేలు విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినదే. పెట్టెలు పొలం నుండి పెరటికి, మేడపైకి చేరినపుడు వర్తించే చట్టబాధ్యత కూడ శిక్షణలో అంతర్భాగం కావలసియున్నది.

నివాస ప్రాంతంలో ఎన్ని పెట్టెలు ఉంచవచ్చునో, పొరుగు గోడకు ఎంత ఎడం పాటించాలో నిర్దేశించే ప్రత్యేక కేంద్ర చట్టం మన దేశంలో లేదు. అయినను పెంపకందారుడు బాధ్యతారహితుడు కాడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత మానవేతర ప్రాణులన్నిటిని జంతువులుగా నిర్వచించినది. తన అధీనంలోని జంతువు వలన మనుషులకు ప్రమాదం కలుగకుండా తగిన జాగ్రత్త వహించనివారికి 291వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించేవాటిని తొలగించమని ఆదేశించే అధికారాన్ని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు ఇచ్చినది. 2021లో ఆరంభమైన మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు అవసరమే గాని, అది ఈ బాధ్యత నుండి మినహాయింపు కాదు.

ఇక్కడి వేసవిలో పొరుగువారితో తగవుకు ప్రధాన కారణం కాగలది నీరే. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినపుడు, పిల్లల గదులను సుమారు 35 డిగ్రీల వద్ద నిలుపుటకు కూలి ఈగలు నీటిని తెచ్చి, రెక్కలతో విసరి ఆవిరి చేస్తాయి. దగ్గరలో నీరు లేనిచో అవి పక్కింటి తొట్టిని, కుళాయిని, కూలరును ఆశ్రయిస్తాయి. ఒకసారి మరగిన చోటును మాన్పించుట కష్టం. 2010లో తేనెటీగల పెంపకంపై నిషేధాన్ని ఎత్తివేసిన న్యూయార్క్ నగరం సైతం నమోదుతో పాటు నిరంతర నీటి వసతిని షరతుగా పెట్టినది.

కుట్టుడు భయంతో పెంపకాన్నే నిషేధించాలనుట సరికాదు. ఎత్తైన కట్టడాలకు, నీటి ట్యాంకులకు పట్టుపెట్టే కొండ తేనెటీగ వేరు. పెట్టెలలో పెంచే పుట్ట తేనెటీగ, ఐరోపా తేనెటీగ వేరు. మొదటిదాని దాడికి రెండవవాటిని బాధ్యులను చేయరాదు. పైగా పొలాలు ఎండిన నెలలలో వేప, కానుగ, మునగ పూలు ఊళ్లలోనే ఈగలకు ఆధారమవుతాయి.

కావున స్థానిక సంస్థలు సంక్షిప్త నియమావళిని రూపొందించుట మేలు. పెట్టె రాకముందే నీడలో, తేలే పుల్లలతో కూడిన నీటి పళ్లెం; ఈగలు తలల పైనుండి ఎగిరేలా ద్వారానికి ఎదురుగా ఆరడుగుల తడిక; ఇరుగుపొరుగుకు ముందస్తు సమాచారం; స్థలాన్ని బట్టి పెట్టెల పరిమితి అందులో ఉండాలి. దాని ముసాయిదాను అందించవలసినది వ్యవసాయ శాస్త్రవేత్తలే. వారు జాప్యం చేసినచో మొదటి ప్రమాదం జరిగిన మరునాడు వెలువడేది నియమావళి కాదు, నిషేధమే.