కూలిగా అందిన కృప

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే హనుమకొండలో చర్చిల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతుంటాయి. కృతజ్ఞతా కూడికల్లో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు. జబ్బు నయమైందని ఒకరు, అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మరొకరు. చివర్లో అందరిదీ ఒకటే మాట... ‘నా యోగ్యత కాదు, దేవుని కృప!’ ఒక్కోసారి కృపతో మొదలైన సాక్ష్యం కొత్త ఇంటి గజాల దాకా వెళ్తుందనుకోండి, అది వేరే సంగతి.

యోగ్యత చూడకుండా దొరికేదే కృప. లూకా సువార్త ప్రకారం రక్షకుడు పుట్టాడన్న కబురు మొదట అందింది రాత్రివేళ పొలంలో మందలు కాస్తున్న గొర్రెల కాపరులకు. వాళ్లు వెళ్లి చూసింది పశువుల తొట్టిలో పడుకున్న పసివాణ్ని. పుచ్చుకునేవాళ్లు వినయంగా ఉండాలని అందరూ చెబుతారు. మరి ఇచ్చేవాళ్లు?

1876-78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి దొరికాయి. వాళ్లలో మాదిగలు ఎక్కువ. బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా ఆ రోజుల్లో ఆయన ఇవ్వలేదు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని! సాయం పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం పొందారు. విమర్శలు అప్పటికీ ఆగలేదు. అయినా చేతిలో గింజలున్నప్పుడు కాకుండా, అవి అయిపోయాక అడిగినవాళ్లకే ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ మరుసటి ఏడాదే, 1879లో, అదే మిషన్ హనుమకొండలో అడుగుపెట్టింది.

మెదక్ సంగతీ ఇలాంటిదే. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో అక్కడ చర్చి పని మొదలుపెట్టారు. కరువు కాలంలో చుట్టుపక్కల జనానికి ఆ పనే అన్నం పెట్టింది. రాళ్లెత్తిన చేతులకు అది ముష్టి కాదు, కూలి. 175 అడుగుల గోపురంతో పూర్తయిన చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 2024 క్రిస్మస్‌కు నూరేళ్లు నిండాయి.

అక్కడి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు జననానిది. బయటి నుంచి వెలుగు పడితేనే బొమ్మ కనిపిస్తుంది. తెల్లవారుజామున మొదటి ఆరాధనకు వెళ్లేవాళ్లు వెంటనే బస్సెక్కకుండా, పొద్దెక్కేదాకా ఆగి చూసి రండి.