ఎట్ల తెలిసింది నీకు?

పరీక్ష హాల్లో మనల్ని ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడు? ఎక్కడ? ఎవరు? ఎందుకు? కాని “ఇది నీకు ఎట్ల తెలిసింది?” అని ఏ ప్రశ్నపత్రమూ అడగదు. పదిహేనేళ్ల నా చదువులో ఎవరూ అడగని ఆ ప్రశ్నను మొట్టమొదట అడిగింది మా అయ్యవారు కాదు, మా నాయనా కాదు. ముఖం ఎరుగని, జీతం లేని, ఏ ఊళ్లో ఉంటాడో కూడా తెలియని ఒక మనిషి! అడిగింది ఏ వేదాంతం గురించో కాదు. ఒక రోడ్డు గురించి.

మాది గూడూరు. ఈ మాట అనగానే “నెల్లూరు గూడూరా?” అని అడగడం మన హాస్టల్లో రివాజు. కాదండీ, కర్నూలు జిల్లా గూడూరు. కృష్ణా జిల్లాలో ఒక గూడూరు ఉంది, మహబూబాబాద్ జిల్లాలో మరొకటి ఉంది. మా మేనమామ ఇల్లు ఆదోనిలో. చిన్నప్పటి నుంచి సెలవులు వస్తే గూడూరులో బస్సెక్కి, ఎమ్మిగనూరు మీదుగా ఆదోని పోవడం నాకు అలవాటు. ఎమ్మిగనూరు దాటినాక రోడ్డు పక్కన రాళ్ల మీద 167 అని అంకె కనపడుతుంది. అది జాతీయ రహదారి. నా దృష్టిలో అదంతా ఒకటే రోడ్డు – మా ఊరి రోడ్డు!

పోయిన సంవత్సరం ఒకనాటి రాత్రి తెలుగు వికీపీడియా చూస్తూ ఉంటే ఈ రహదారి మీద వ్యాసం కంటబడింది. తెలియనివారికి రెండు మాటలు. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరిలోనూ, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులోనూ మొదలయ్యాయి. నేడు తెలుగులో వ్యాసాలు లక్ష దాటాయి. దీనిని ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. రాసినవారికి రూకలు రావు, పేరూ పెద్దగా రాదు. రాసిన ప్రతి అక్షరమూ ఏ తేదీన, ఏ గంటకు చేరిందో ‘చరిత్ర’ పేజీలో శాశ్వతంగా ఉండిపోతుంది. వ్యాసం వెనక ‘చర్చ’ అనే పేజీ ఒకటి ఉంటుంది. అందరూ కూడి మాట్లాడుకునే చోటుకు పెట్టుకున్న పేరు రచ్చబండ! నాకు ఆ పేరే మొదట నచ్చింది.

సరే, ఉత్సాహం కొద్దీ ఆ వ్యాసంలో నేను రెండు వాక్యాలు చేర్చాను. ఒకటి, ఈ రహదారి గూడూరు మీదుగా పోతుంది అని. రెండు, ఎమ్మిగనూరు–ఆదోని రోడ్డు కరువు కాలంలో కరువు పనుల కింద వేసినది అని. ఈ రెండోది మా తాత మాట. “కరువులో యేసిన రోడ్డురా అది. మా జేజి సిన్నపిల్లగా ఉన్నెప్పుడు వాళ్లమ్మ ఎంబడి పోయి కంకర మోసిందంట” అని తాత ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

రెండో రోజుకు చర్చ పేజీలో ఒక పెద్దమనిషి రాశాడు. వ్యాసంలో ఉన్న వాక్యాలన్నీ ఒక్కొక్కటే తీసుకొని, బియ్యంలో రాళ్లు ఏరినట్లు ఏరాడు. ఫలానా దూరం ఏ లెక్క ప్రకారం? ఫలానా అంకె పాతదా, కొత్తదా? నా వాక్యాల దగ్గరికి వచ్చేసరికి, “ఇది ఏ గూడూరు? రహదారి గూడూరు మీదుగా పోతుందని ఎట్లా తెలిసింది? కరువు పని అన్నారు, ఏ కరువు? దయచేసి మూలం ఇవ్వగలరు” అని మర్యాదగానే అడిగాడు.

నిజం చెబుతున్నాను, నాకు ఒళ్లు మండింది. ఆ రోడ్డు మీద పుట్టి పెరిగింది నేను. దాని దుమ్ము మింగింది నేను. నన్ను అడగడానికి వీడెవడు? ఆ కోపంతోనే, వాడి నోరు మూయించాలని మర్నాడు పటం తెరిచి కూర్చున్నాను. తీరా చూస్తే నోరు మూతబడింది నాదే!

167వ రహదారి బళ్లారి దగ్గర హగరి వద్ద 67వ రహదారి నుంచి చీలి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతం మీదుగా రాయచూరు వైపు పోయి, మహబూబ్‌నగర్, జడ్చర్ల దాటి కోదాడ దాకా సాగుతుంది. అది మా ఊరిని తాకనే తాకదు. గూడూరు నుంచి ఎమ్మిగనూరుకు పోయే రోడ్డు వేరు, అక్కడి నుంచి ఆదోనికి పోయే రోడ్డు వేరు. బస్సు ఒకటే గనుక రోడ్డూ ఒకటే అనుకున్నాను. ఇరవై ఏళ్లుగా తిరిగిన దారి గురించి నాకు తెలిసింది ఇంతే! చూడడం వేరు, తెలియడం వేరు అని ఆనాడు నాకు బోధపడింది.

ఆ సిగ్గుతోనే అంకెల సంగతి వెతకడం మొదలుపెట్టాను. 2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చివేసింది. ఉత్తర దక్షిణాలుగా పోయే పెద్ద రహదారులకు సరిసంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు. మూడంకెలది ఉపరహదారి. దాని చివరి రెండంకెలు చూస్తే తల్లి రహదారి ఏదో తెలుస్తుంది. అందుకే 67 కూతురు 167. కాశీ నుంచి కన్యాకుమారికి పోయే మన పాత ఏడో నంబరు రోడ్డులో కర్నూలు మీదుగా పోయే భాగం, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44లో కలిసిపోయింది. మరి 7 అనే అంకె ఏమైంది? అది పంజాబ్‌లోని ఫాజిల్కా నుంచి బదరీనాథ్ అవతల మానా దాకా పోయే రోడ్డుకు వెళ్లింది. నెల్లూరు వైపు గూడూరు మీదుగా పోయే పాత 5 నేడు 16. కొత్త 5 సిమ్లా మీదుగా షిప్‌కీ లా కనుమకు పోతుంది!

అంటే ఏమిటి? “కర్నూలు 7వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది” అని ఎక్కడైనా పాత వాక్యం దిద్దకుండా మిగిలిపోతే, దానిని నమ్మినవాడు బదరీనాథ్ యాత్రకు పోవలసిందే. ఒకప్పుడు నిజమైన వాక్యమే, కాలం మారేసరికి అబద్ధమయింది. అబద్ధం రాయాలని ఎవరూ రాయలేదు. తిరిగి చూసేవాడు లేకపోతే నిజమే అబద్ధంగా మారుతుంది. రాసేవాడి కన్నా తిరిగి చూసేవాడి అవసరం ఎక్కువ అని నేను అనడానికి కారణం ఇదే.

ఇక రెండో వాక్యం, తాత మాట. దీనికి మూలం కోసం కర్నూలు జిల్లా పుస్తకాలు తిరగేశాను. ఆదోని రోడ్ల ఊసే దొరకలేదు. అదే చర్చ పేజీలో రాశాను. ఆ పెద్దమనిషి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు: “అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది కదా?” చరిత్ర విద్యార్థిని నేను! 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి ఇటు వచ్చాయని, మొదటి రెండూ కర్నూలు జిల్లాలో చేరాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కాని ఆ వాక్యానికీ, నా కాళ్ల కింది రోడ్డుకూ సంబంధం ఉందని ఏనాడూ తోచలేదు. నేను ఎక్కే బస్సు 1953కు ముందు నడిచి ఉంటే గూడూరులో ఎక్కి పరాయి జిల్లాలో దిగేవాణ్ణి. వెతకవలసింది 1904లో ఫ్రాన్సిస్ దొర కూర్చిన బళ్లారి గెజెటియర్ వంటి పుస్తకాలలో, బళ్లారి జిల్లా పాత కాగితాలలో!

ఇక్కడ న్యాయంగా అవతలి పక్షం కూడా చెప్పాలి. మూలం, మూలం అని అడుగుతారు సరే, మూలం అంటే అచ్చు కాగితమే. అచ్చు ఎవరి గురించి పడుతుంది? పట్నాల గురించి, దొరల గురించి, మంత్రుల గురించి. ఆదోని పత్తి మార్కెట్టు గురించి కాగితాలుంటాయి. ఆ పత్తి బండి తోలినవాడి గురించి ఉండవు. మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరులో నెలకొల్పిన నేతగాళ్ల సహకార సంఘం గురించి కాగితాలుంటాయి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నవాడి మాట ఏ కాగితంలో ఉంది? కాగితం లేనివాడికి చరిత్రే లేదని తీర్పు చెప్పినట్లు కాదా ఇది? ఈ ఆక్షేపణలో బలముంది, నేను కాదనను.

ఈ గొడవ మనకొక్కరికే కాదు. అమెరికాలో రోడ్ల మీద వ్యాసాలు రాసే స్వచ్ఛంద సంపాదకులు ఇంగ్లీషు వికీపీడియాలో ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. పటాన్ని మూలంగా చూపవచ్చునా, ప్రతి రోడ్డుకూ ఒక వ్యాసం ఉండతగునా అని. చివరికి 2023లో వారిలో కొందరు వేరు కాపురం పెట్టి, ఏఏరోడ్స్ పేరుతో రోడ్లకే ప్రత్యేకంగా మరో విజ్ఞాన సర్వస్వం ప్రారంభించారు. వారు ఎందరో ఉన్నారు గనుక విడిపోగలిగారు. మనం ఉన్నదే పిడికెడు మంది. అలిగి లేచిపోతే పేజీ ఖాళీగా ఉంటుంది, అంతే.

నా అభిప్రాయం చెబుతాను. ఆ ప్రశ్న కఠినమైనదే, కాని అన్యాయమైనది కాదు. పోయిన 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు సమీపాన చిన్నటేకూరు వద్ద 44వ రహదారి మీద హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతున్న ప్రైవేటు బస్సు తగలబడి ఎందరో సజీవ దహనమయ్యారు. ఆ ఉదయం మన ఫోన్లలో ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకోండి. ఒకడు ఒక లెక్క పంపాడు, ఇంకొకడు దానికి రెట్టింపు పంపాడు. నేనూ ఒకటి పంపాను, సిగ్గుతో ఒప్పుకుంటున్నాను. “ఎట్ల తెలిసింది నీకు?” అని నన్ను నేను అడుక్కొని ఉంటే నా వేలు ఆగిపోయేది. ఆ బస్సులో తమవాళ్లు ఉన్నారేమోనని తల్లడిల్లిన ఇళ్లలోకి అబద్ధపు లెక్క మోసుకుపోయిన పాపంలో నాకూ భాగం ఉండేది కాదు. రోడ్డు వ్యాసంలో ఒక అంకె కోసం పట్టుబట్టేవాణ్ణి చాదస్తుడని నవ్వుకుంటాం. ఆ చాదస్తం లేకనే కదా మనకు ఈ దుర్గతి!

కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని, ‘అ’కారం సంపుటాలతోనే 1923లో కన్నుమూశారు. నూరేళ్ల తరువాత ఆ పని మన చేతి ఫోనులోకి వచ్చింది. మనం చేయలేమా? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి పోతూ మజిలీ మజిలీకీ దారి ఎట్లా ఉందో, ఎంత దూరమో రాసుకున్నారు. పల్లకీలో పోతూ ఆయన చేసిన పని బస్సులో పోతూ మనం చేయలేమా?

మన కళాశాలలో ప్రతి సంవత్సరమూ ప్రాజెక్టు రిపోర్టులు రాస్తాం. ఎవరి రిపోర్టు చూసి ఎవరు రాస్తామో అధ్యాపకులకూ తెలుసు, మనకూ తెలుసు. దాని బదులు ఒక్కొక్కరం మన ఊరికి వచ్చే ఒక్కొక్క రోడ్డును తీసుకుందాం. రోడ్లు భవనాల శాఖ ఆఫీసులో అడుగుదాం, పాత గెజెటియర్లు చదువుదాం, వికీపీడియాలో పాత నంబర్లు ఎక్కడున్నాయో చూసి దిద్దుదాం. ముసలివాళ్ల మాటలను వాళ్ల పేరు, ఊరు, తేదీతో సహా రాసుకొని, ఇదిగో ఇటువంటి ప్రత్యేక సంచికలో అచ్చువేద్దాం – నిరూపితమైన చరిత్రగా కాదు, జ్ఞాపకంగా, జ్ఞాపకమని చెప్పి మరీ. విన్నదాన్ని విన్నదని, చూసినదాన్ని చూసినదని, చదివినదాన్ని చదివినదని విడివిడిగా చెప్పగలగడమే చదువు అని నేను అనుకుంటున్నాను. పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు ఇందులో మాకు తోడ్పడవలెనని నా విన్నపం.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోతే తాత అడిగాడు.

“ఏమిరా, రోడ్డు గురించి నేను సెప్పింది రాసినావా?”

“రాసి తీసేసినాను తాతా. కాగితం సూపమంటాండారు.”

తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నవ్వాడు. “కంకర మోసినోళ్లకు కాగితం యాడ ఇచ్చినార్రా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కాని రాత్రి పడుకొని ఆలోచిస్తే ఒకటి తోచింది. మోసినవాళ్లకు కాగితం ఇవ్వకపోవచ్చు. కూలి ఇచ్చినవాడు మాత్రం లెక్క రాసుకోక మానడు. ధాత కరువు నాడు, అంటే 1876–78లో, సర్కారు కరువు పనులు పెట్టి జనం చేత రాళ్లు కొట్టించింది, రోడ్లు వేయించింది. ఆ తరువాతి కరువుల్లోనూ పెట్టింది. తాత చెప్పింది ఏ కరువో, ఏ రోడ్డో ఆ లెక్కల్లో ఉంటే ఉండవచ్చు, లేకపోతే లేకపోవచ్చు. వెతికితేనే గదా తేలేది! ఈ ఎండాకాలం సెలవుల్లో బళ్లారి పోదామనుకుంటున్నాను. ఎవరైనా తోడు వస్తారా?

– తృతీయ సంవత్సరం బి.ఏ., చరిత్ర విభాగం